గురువారం డబ్బాలు

క్యాంటీన్ వంటగది, కిటికీ పక్క బల్ల
జూన్ 5, గురువారం

పెద్దమ్మా,

ఈరోజు మొదటి వింత భోజనాల గంటతో పాటే లోపలికి వచ్చింది. చెక్క సామాన్ల కార్ఖానా వాళ్ళంతా ఎప్పటిలాగే చేతులు దులుపుకుంటూ, కనుబొమల మీద రంపపు పొట్టుతో వరసగా వచ్చారు. కానీ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో టిఫిన్ డబ్బా! పొద్దుటి నుంచి చెమటలు కక్కుతూ అందరికీ సరిపడా టర్కీ కీమా ఉండలు చేసి, గరిట పట్టుకుని నిలబడ్డదాన్ని, నా మొహం ఎలా అయిపోయి ఉంటుందో ఊహించుకో.

పెద్ద మేస్త్రి నవ్వి, "కంగారుపడకు అమ్మాయ్, గురువారం మాకు డబ్బాల రోజు. మీ పెద్దమ్మకి తెలుసు" అన్నాడు. అందరూ మొహమాటానికి తలా ఒక ఉండ వేయించుకున్నారు. మిగతాది మూకుడు నిండా అలాగే ఉండిపోయింది. నాకు ముందే ఎందుకు చెప్పలేదు?

నువ్వు చెప్పినట్టే చేశాను. కీమాలో ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి వేసి, చపాతీ పిండిలా పిసికాను. నా చేతులు నీ చేతులు కావు కదా, భుజాలు లాగేశాయి. తర్వాత అదిమి అదిమి ఉండలు కట్టి, నీరంతా ఇగిరేదాకా వేయించాను. ఒకటి నేనూ తిన్నాను. బాగానే ఉంది. రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

ఓనరు గారు వచ్చి చూశారు. వారం వారం ఈ టర్కీ ఎందుకండీ అని అడిగితే, వాళ్ళ బావమరిది ఫారంలో టర్కీ కోళ్ళు తప్ప ఇంకేం లేవట. "బావమరిదిని వదిలించుకోలేం, కోడిని వదిలించుకోలేం" అన్నారు.

ఈ ఉత్తరం లారీ బాబాయ్‌కి ఇస్తున్నాను. కలప కోసం అటే వస్తాడు కాబట్టి మామయ్య ఇంటి గేటు దగ్గర ఇచ్చేస్తానన్నాడు. ఫోన్ చేస్తానంటే నువ్వే వద్దన్నావు: "ఫోన్లో 'అంతా బాగుంది' అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు, కాగితం నింపాలంటే నిజాలు కావాలి" అని. కాలేజీలో భాష చదువుతున్న పిల్లకి అంతకంటే ఏం కావాలి! ఈ వారం నేను పోగుచేసిన వడ్రంగం మాటలు: చిత్రిక, బాడిస, చీల, ఉలిపిడి. అన్నీ మేస్త్రి నోట్లోంచి రాలినవే.

అమ్మ నన్ను బస్సెక్కిస్తూ ఏమందో తెలుసా? "పెద్దమ్మ చెయ్యి బాగయ్యేదాకా ఆ పొయ్యి చల్లారకుండా చూడు. పరాయివాళ్ళు వచ్చి కూర్చున్నారంటే మళ్ళీ లేవరు" అంది. చూస్తున్నాను పెద్దమ్మా. నీ గరిట, నీ ఏప్రన్, నీ ఎత్తు పీట అన్నీ నీ కోసం ఎదురుచూస్తున్నాయి.

నీ పిచ్చుక


తమ్ముడి ఇల్లు, వెనక గది
జూన్ 9, సోమవారం

ఒసేయ్ పిచ్చుకా,

కుడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, ఎడమ చేత్తో రాస్తున్నా. అక్షరాలు తాగి తూలుతున్నాయి, క్షమించు.

డబ్బాల సంగతి మర్చిపోయాను. అది వాళ్ళ అలవాటు. వారంలో ఒక్క రోజైనా ఇంటావిడ వంట తినకపోతే ఇంట్లో గొడవట. మేస్త్రి చెప్పాడు. పాపం, పెళ్ళాలంటే భయం వాళ్ళకి. గురువారం తక్కువ వండు.

కీమా ఇంకా గట్టిగా పిసకాలి. బంకలా చేతికి అంటుకునేదాకా. మెత్తగా వదిలావంటే విరిగిపోతుంది. నీరు మొత్తం ఇగరాలి. నేను చేరిన కొత్తలో ఎవడో లోపల గులాబీ రంగు చూసి అరిచాడు. ఓనరు అందరి ముందూ నన్ను నిలదీశాడు. అప్పటి నుంచి టర్కీ అంటే నాకు నిప్పు మీద నమ్మకం, ఇంక దేని మీదా లేదు.

ఇక్కడ మరదలు నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. కూర్చోబెట్టి మేపుతోంది. పూటకో సీరియల్. పొయ్యి లేని మనిషికి పొద్దు పోదే. నిద్రలో కూడా ఉల్లిపాయలు తరుగుతున్నా.

వాళ్ళు నన్ను అడుగుతున్నారా?

పెద్దమ్మ


క్యాంటీన్ వంటగది
జూన్ 13, శుక్రవారం
(కవర్లో పెట్టి, మళ్ళీ తీసేసిన ఉత్తరం)

పెద్దమ్మా,

అడుగుతున్నారు. రోజూ అడుగుతున్నారు. కానీ నీకు ఇంకో సంగతి చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మొన్న లారీ బాబాయ్ నీ ఉత్తరం ఇస్తుంటే, ఈ డబ్బాల అలవాటు భలే ఉంది కదా అన్నాను. ఆయన నా మొహం కేసి చూసి, తలుపు దగ్గరికేసి వచ్చాడు. "అలవాటూ లేదు, పాడూ లేదు. అక్క చేతి ఏ వంటైనా మాకు ప్రాణం. ఆ టర్కీ ఒక్కటే గొంతు దిగదు. మేం దాన్ని రంపపు పొట్టు అంటాం. ప్లేట్లో వదిలేస్తే అక్క బాధపడుతుందని మేస్త్రి ఈ డబ్బాల కథ అల్లాడు. చెప్పావో, నా మీద ఒట్టే" అన్నాడు.

ఇన్నేళ్ళుగా పెద్దమ్మా! ఇంతమంది మగవాళ్ళు, నీ మనసు నొప్పించకూడదని, వారం వారం అబద్ధాన్ని మూతపెట్టి మోసుకొస్తున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇక నిన్నటి గురువారం. నా టిఫిన్ కోసం గిన్నెలో పాలు పోసి రొట్టె ముక్కలు నానబెట్టుకున్నాను. పక్కనే సూప్ కోసం తురిమిన ఉల్లిపాయ. మోచెయ్యి తగిలి రెండూ వెళ్ళి కీమా బేసిన్‌లో పడ్డాయి. పారేస్తే ఓనరు గారు ఊరుకోరు. సరే అని కలిపాను. జారుడుగా ఉంది, పిసకడానికి రాలేదు. వేళ్ళతో పైపైన దగ్గరకు చేసి, పిట్టని పట్టుకున్నట్టు వదులుగా ఉండలు కట్టాను. రెండు వైపులా ఎర్రబడ్డాయి. ఇంతలో ఓనరు గారు పిలిచారు. మాడిపోతాయని టమాటా రసం పోసి, మంట తగ్గించి, మూత పెట్టి పరిగెత్తాను. వచ్చి ఒకటి విరిచి చూశాను. గులాబీ రంగు లేదు, బాగా ఉడికింది. కానీ లోపలి నుంచి తేటగా రసం ఊరింది. తడి కాదు, చెమ్మ కాదు, తేమా కాదు. ఊట అనాలి దాన్ని. ఆ మాట నాకు దొరికినందుకు గరిటతో ఒక గెంతు వేశాను.

మేస్త్రి మొహమాటానికి ఒకటి వేయించుకున్నాడు. నమిలాడు. ఆగాడు. తన డబ్బా మూత మళ్ళీ బిగించి ప్లేటు పట్టుకుని వచ్చాడు. తర్వాత ఇంకొకడు. చివర్లో మూకుడు గీకారు. స్పూన్లతో బల్ల మీద దరువేశారు పెద్దమ్మా, నా కోసం.

"నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్" అన్నాడు మేస్త్రి. పొరపాటున పడింది అని చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను.


క్యాంటీన్ వంటగది
జూన్ 13, శుక్రవారం

ప్రియమైన పెద్దమ్మకి,

నేను క్షేమం. అందరూ నిన్ను రోజూ అడుగుతున్నారు. గురువారం నువ్వు చెప్పినట్టే గట్టిగా పిసికి, నీరు ఇగిరేదాకా వేయించాను. డబ్బాలు ఎప్పటిలాగే వచ్చాయి. ఇక్కడ వర్షం పడేలా ఉంది. కొత్త మాట: జిడ్డు. కొత్తదేం కాదనుకో, కానీ ఎంత బాగుందో కదా, పలుకుతుంటేనే నాలుకకి అంటుకుంటుంది.

చెయ్యి జాగ్రత్త.

నీ పిచ్చుక


తమ్ముడి ఇల్లు, ముందు వరండా
జూన్ 18, బుధవారం

పిచ్చుకా,

అక్షరాలు చూశావా? నిలబడ్డాయి! కట్టు విప్పారే. ఇది కుడి చేత్తో రాస్తున్నా. చెయ్యి పాలిపోయి, సన్నబడి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. ఫిజియో అమ్మాయి మెత్తటి స్పాంజి ఇచ్చి నొక్కమంది. నొక్కితే దానికి గిలిగింతలు కూడా పుట్టలేదు. నేను బస్తా పిండి ఒంటి చేత్తో ఎత్తినదాన్నంటే నమ్మలేదు ఆ పిల్ల. పోన్లే, వస్తుంది బలం.

నీ పోయిన ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. 'ప్రియమైన పెద్దమ్మకి' ఏమిటి, నేనేమన్నా బ్యాంకు మేనేజర్నా? పరీక్షలు దగ్గరపడ్డాయా? టర్కీ గట్టిగా పిసుకుతున్నావు కదా, చేతులు నొప్పి పుట్టి ఉంటాయి. పడుకునే ముందు వేడినీళ్ళలో పెట్టుకో. నీకు ఇంత కష్టం పెట్టానని నాకు అదోలా ఉంది.

ఒక పని చెయ్యి. ఓనరుతో నా మాటగా చెప్పు: కట్టు విప్పారు, వచ్చే నెల మొదట్లో వచ్చేస్తాను, నా పొయ్యి నాకు ఉంచమని. నేనే ఫోన్ చేద్దును, కానీ ఆయన ఫోన్లో 'ఊఁ' తప్ప ఇంకేం అనడు. నువ్వు ఎదురుగా చెప్పి, ఆయన మొహం ఎలా పెట్టాడో నాకు రాయి. మొహం ముఖ్యం.

చుట్టాలింట్లో అన్నం ఎంత కమ్మగా ఉన్నా, చెయ్యి కడుక్కునేటప్పుడు సిగ్గేస్తుందే.

పెద్దమ్మ


క్యాంటీన్ వంటగది
జూన్ 20, శుక్రవారం

పెద్దమ్మా,

నీ అక్షరాలు చూసి ఎంత సంతోషమేసిందో! 'ణ' మళ్ళీ నీ 'ణ'లాగే ఉంది, కొంగు దోపుకున్నట్టు.

ఓనరు గారు నిన్న నీ చెయ్యి గురించి అడిగారు. చెప్పాను. ఆయన మొహం మామూలుగానే ఉంది.

నిన్న గురువారం బాగానే గడిచింది. పుట్టగొడుగులు చవగ్గా వచ్చాయి, సన్నగా తరిగి సూప్‌లో వేశాను. ఓనరు గారి బావమరిది కూడా వచ్చాడు. మేస్త్రి నాకు పనికిరాని ముక్కతో ఒక చిన్న చెక్క గరిట చేసి ఇచ్చాడు. అవసరం లేదన్నాను, వినలేదు. దాన్ని వాడడం లేదు, గోడకి తగిలించాను.

చేతులు నొప్పి లేవు. వేడినీళ్ళ సంగతి ఇంక రాయకు, దయచేసి.

నీ పిచ్చుక


తమ్ముడి ఇల్లు
జూన్ 24, మంగళవారం

అమ్మాయికి,

లారీ తమ్ముడు ఇవాళ కలపకి వచ్చాడు. మంచినీళ్ళిచ్చి, గురువారం ఎవరెవరి డబ్బాలో ఏం తెచ్చుకున్నారు అని ఊరికే అడిగాను. అతని నోట్లో నువ్వుగింజ నానదు కదా. "ఇంకెక్కడి డబ్బాలు అక్కా, పోయిన గురువారం ఒక్కడూ తేలేదు. అందరూ లొట్టలేసుకుంటూ క్యాంటీన్‌లోనే" అన్నాడు. అని నాలుక్కరుచుకున్నాడు. ఆ కరుచుకోవడంలో మిగతాదంతా నాకు అర్థమైంది. అడిగితే రంపపు పొట్టు మాట కూడా బయటపడింది.

వెళ్తూ వెళ్తూ ఓనరు చెప్పమన్నాడని ఇంకో మాట చెప్పాడు. "చెయ్యి ఇంకా చాలా రోజులు పడుతుందట కదా, పాపం తొందరపడొద్దను. అమ్మాయి ఉంది, ఉంటానంటే ఇక్కడే ఉంచేద్దామనుకుంటున్నా" అన్నాడట.

చాలా రోజులు పడుతుందని ఆయనకి ఎవరు చెప్పారు?

పెద్దమ్మ


క్యాంటీన్ వంటగది
జూన్ 25, బుధవారం

పెద్దమ్మా,

నేనే చెప్పాను.

ఈ రెండు మాటలు రాసి, కిటికీలోంచి రంపం మిషన్ చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. ఇంకో రెండు వాక్యాలు కలిపితే ఇవి కాస్త మెత్తబడతాయేమో అనిపించింది. కలపను. ఆ తర్వాత జరిగింది మాత్రం చెప్తాను.

ఆ గురువారం పొద్దున్నే నీ ఉత్తరం వచ్చింది. నిలబడ్డ అక్షరాల ఉత్తరం. చదివి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. నీ ఏప్రన్ జేబులోనే. మధ్యాహ్నం పుట్టగొడుగులు వేసింది సూప్‌లో కాదు, కీమాలో. సన్నగా తరిగి కలిపితే ఇంకా మెత్తగా, ఇంకా ఊటగా వచ్చింది. స్పూన్ల దరువు వీధి దాకా వినబడిందట. బావమరిది రెండోసారి వేయించుకుని, "మా కోడి ఇంత బాగుంటుందా!" అన్నాడు, జన్మలో మొదటిసారి తిన్నట్టు. అప్పుడు ఓనరు గారు పక్కకి పిలిచి అడిగారు: "మీ పెద్దమ్మ చెయ్యి ఎంతవరకు వచ్చింది?"

నేను చేసిన ఆలోచన నిమిషం కూడా పట్టలేదు. వచ్చే గురువారం కీమాలో క్యారెట్ తురుము వేసి చూడాలనుకున్నాను. ఇంకొక్క దరువు వినాలనుకున్నాను. అంతే. "ఇంకా చాలా రోజులు పడుతుందేమోనండీ" అనేశాను. నీ ఉత్తరం జేబులో కరకరలాడింది. అది నిజంగా వినబడింది పెద్దమ్మా, కథల కోసం చెప్పడం లేదు.

ఒక్క గురువారమే అనుకున్నాను. ఆయన దాన్ని పట్టుకుని అంత దూరం వెళ్తారని అనుకోలేదు. మర్నాడు, "ఉంటావా అమ్మాయ్, కాలేజీ సాయంత్రం పూట చదువుకోవచ్చు" అన్నారు. వద్దని చెప్పలేదు. ఆలోచిస్తానన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నీకు మాత్రం 'చెప్పాను' అని రాశాను. ఏం చెప్పానో రాయలేదు. మాటలంటే ప్రాణం అని తిరిగేదాన్ని, ఒక్క మాట తీసేసి అబద్ధం చెప్పడం ఎంత సులువో నేర్చుకున్నాను.

పరాయివాళ్ళు కూర్చుంటే లేవరని అమ్మ అంది. ఆ పరాయిది నేనే అయ్యాను.

ఇంకొకటి. నువ్వు గట్టిగా పిసకమన్నావు, నేను రెండో వారం నుంచి అసలు పిసకనే లేదు. ఎలా చేశానో అప్పుడు కవర్లోంచి తీసేసిన ఉత్తరంలో ఉంది, దాన్నీ దీంతో పాటే పెడుతున్నాను. చేతులు వేడినీళ్ళలో పెట్టుకోమని నువ్వు రాసినప్పుడు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. నొప్పి లేని చేతులకి నీ జాలి అంతా తీసుకున్నాను. ఉద్యోగం కంటే అదే ఎక్కువ గుచ్చుతోంది, ఎందుకో.

తిట్టు. కానీ 'అమ్మాయికి' అని మాత్రం రాయకు.

పిచ్చుక


తమ్ముడి ఇల్లు, వంటిల్లు
జూన్ 28, శనివారం

పిచ్చుకా,

తిడతాను. కూర్చుని చదువు.

ఆ ఓనరుకి నువ్వు చెప్పిన అబద్ధం చిన్నపిల్ల అబద్ధం. నీ వయసులో నేను పొగడ్త కోసం ఇంతకంటే వెధవ పనులు చేశాను, అవి నీకు చెప్పను. నాకు మండింది అక్కడ కాదు. నేను ఇక్కడ కూర్చుని 'ఇంకా గట్టిగా పిసుకు, ఇంకా గట్టిగా' అని రాస్తుంటే, నువ్వు అక్కడ మెత్తటి ఉండలు చేస్తూ నన్ను రాయనిచ్చావు. మేస్త్రి, లారీ తమ్ముడు, పాలిష్ వాళ్ళు, నువ్వు, అందరూ కలిసి నన్ను ఒక పిచ్చిదాన్ని చేసి, జాలి మూతపెట్టి కాపాడారు. నా వంట ఎండిపోయిందని ఒక్కడికీ చెప్పే ధైర్యం లేకపోయిందా? నేనేమన్నా గరిట పెట్టి కొడతానా? (ఒకసారి కొట్టాను. అది వేరే సంగతి.)

గురువారాలు డబ్బాలు తెరుచుకుని తింటున్న వాళ్ళ మధ్య తిరుగుతూ, 'ఇంటావిడ బాగా వండిందా' అని అడిగేదాన్నే నేను. వాళ్ళు 'ఆఁ అక్కా' అనేవాళ్ళు. అది తలుచుకుంటే చెవులు కాలిపోతున్నాయి.

నాకు మాత్రం ఒక్క చెంచా చెక్కి ఇవ్వలేదు ఆ మేస్త్రి, రాసిపెట్టుకో.

నీ ఉత్తరం చదివాక తమ్ముణ్ణి పంపి టర్కీ కీమా తెప్పించాను. మరదలు అడ్డు వస్తే, ఇవాళ ఒక్క పూట నీ వంటిల్లు నాకు అప్పగించు, లేకపోతే నీ సీరియల్లో ఆ కోడలు ఏమవుతుందో ముందే చెప్పేస్తానన్నాను. జడిసి తప్పుకుంది. పాలలో రొట్టె నానబెట్టాను. ఉల్లిపాయ తురమడానికి చెయ్యి రాక ఎడమ చేత్తో తురిమాను. గట్టిగా పిసుకుదామని అలవాటు కొద్దీ వేళ్ళు ముడిచాను. ముడుచుకోలేదే. స్పాంజి కూడా లొంగని చెయ్యి, కీమాని ఏం అదుముతుంది? మొదటిసారి జన్మలో మాంసాన్ని బతిమాలినట్టు పట్టుకున్నాను. అటూ ఇటూ ఎర్రబడగానే టమాటా రసం, చిన్న మంట, మూత. మూత తియ్యకుండా నిలబడడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. విరిచి చూశాను. గులాబీ రంగు లేదు. రసం ఊరింది.

తమ్ముడు ఏమీ మాట్లాడకుండా తిన్నాడు. వాడు మాట్లాడకుండా తినడం నేను చిన్నప్పటి నుంచి చూడలేదు.

అంటే, ఇన్నేళ్ళూ పాడుచేసింది నా బలమేనన్నమాట. నా బలం చూసుకుని నేనెంత మురిసిపోయేదాన్నో నీకు తెలుసుగా. ఏడవాలో నవ్వాలో తెలియక ఇంకో ఉండ తిన్నాను.

ఇక విను. బుధవారం సాయంత్రం లారీ తమ్ముడు ఇటు వస్తాడు. అతనితో బయల్దేరి గురువారం పొద్దున్నే అక్కడ ఉంటాను. ఆలోగా నువ్వు రెండు పనులు చెయ్యాలి.

ఓనరు దగ్గరికి వెళ్ళి, అబద్ధం ఆడింది నువ్వేనని నీ నోటితో చెప్పు. ఆ తర్వాత ఆయన ఎవర్ని ఉంచుకుంటాడో ఆయన ఇష్టం. నిన్నే ఉంచుకుంటే నేనేం చచ్చిపోను. కానీ చెయ్యి బాగులేదని కాదు, వంట బాగులేదని పంపించాలి నన్ను.

మేస్త్రికి చెప్పు: గురువారం అందరూ డబ్బాలు తెచ్చుకోవాలి. నా వంట తిని, నచ్చకపోతే డబ్బా తెరవాలి. నా కళ్ళ ముందు. అలవాటు, పెళ్ళాం, గొడవ అని ఒక్కడు కథ చెప్పినా ఈసారి గరిట తిరగేస్తాను.

భయంగా ఉందే. ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

పెద్దమ్మ


క్యాంటీన్ వంటగది, కిటికీ పక్క బల్ల
జూలై 2, బుధవారం

పెద్దమ్మా,

లారీ బాబాయ్ ఇంజన్ ఆపకుండానే నిలబడ్డాడు, త్వరగా రాస్తున్నాను. ఈ ఉత్తరం అటు వచ్చి, నువ్వు ఇటు వస్తావు.

ఓనరు గారికి చెప్పాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. 'పెద్దమ్మకి కట్టు విప్పినట్టు నాకు ముందే తెలుసు, పొగడ్త కోసం అబద్ధం చెప్పాను' అన్నాను. ఇంతకంటే అందమైన వాక్యం రాత్రంతా వెతికాను, దొరకలేదు. ఆయన మొహం ఎలా ఉందో రాయమన్నావుగా: మొదట ఎర్రబడింది, తర్వాత ముడుచుకుంది, తర్వాత నా కేసి చూడడం మానేసింది. "నేను ఆమెకి కబురు కూడా పంపాను కదా, నన్ను కూడా అబద్ధాలకోరుని చేశావు" అన్నారు. ఉద్యోగం వద్దని కూడా చెప్పాను. "నీకిస్తాననీ అనడం లేదిప్పుడు. రేపు తిని చూస్తాను. బాగుంటే మీ పెద్దమ్మ ఉంటుంది. లేకపోతే కొత్త మనిషిని చూసుకుంటాను" అన్నారు. నేను మొదలుపెట్టిన దానికి నువ్వు పరీక్ష రాయాల్సొస్తోంది.

మేస్త్రికి చెప్తే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, పనివాళ్ళందర్నీ పిలిచాడు. అందరూ నేల చూపులు. "అక్క మొహం ఎలా చూస్తాం?" అన్నాడు పాలిష్ అన్న. "ఎదురుగా చూడమంది" అన్నాను. డబ్బాలు తెస్తామన్నారు. మేస్త్రి ఏదో కొత్త చెక్కముక్క మీద ఉలి పెట్టి కూర్చున్నాడు, నన్ను చూసి గబుక్కున గోనె కప్పాడు. నాకేం తెలియనట్టు వచ్చేశాను. కానీ ఇంక నీ దగ్గర ఏదీ దాచకూడదనుకున్నాను కాబట్టి చెప్పేస్తున్నాను. అక్కడ మాత్రం ఆశ్చర్యపడు.

పోయిన గురువారం నేను చేసిన ఉండలు ఎండిపోయాయి. నీకు ఉత్తరం రాసిన మర్నాడు. మనసంతా పిడికిట్లోకి వచ్చినట్టుంది, తెలియకుండానే పిసికేశాను. దరువు లేదు. సగం మిగిలాయి. నేను తిన్నాను వాటిని, నీళ్ళతో.

రేపు పొద్దున్న గంటకి ముందే లేచి రొట్టె నానబెడతాను, ఉల్లిపాయలు తురుముతాను, పుట్టగొడుగులు తరుగుతాను. కీమాని మాత్రం ముట్టుకోను, అది నీ చేతి కోసం చల్లటి గిన్నెలో ఉంటుంది. నువ్వు మూత పెట్టాక నేను గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి వెళ్ళిపోతాను. వెనక్కి వచ్చే ప్రతి ప్లేటూ ముందు నేనే చూస్తాను. ఏం మిగిలినా, ఎంత మిగిలినా, ఉన్నది ఉన్నట్టు నీకు వినబడేలా అరుస్తాను. ఒక్క మాట కూడా తియ్యను.

లారీ గేటు దగ్గర ఆగేసరికి అక్కడే ఉంటాను పెద్దమ్మా. సాయంత్రం బస్సుకి నా పెట్టె సర్దేశాను. దారిలో తినడానికి చేతిలో నాదీ ఒక డబ్బా ఉంటుంది. కంగారుపడకు, అది ఖాళీది.

నీ పిచ్చుక